ముప్ఫై నాలుగో బకెట్టు: అరకు కొండల్లోని ఒక బాలికల వసతిగృహంలో సోలార్ వేన్నీళ్ల వ్యవస్థను సరిదిద్దిన అనుభవం

ఫిర్యాదు

అల్లూరి సీతారామరాజు జిల్లాలో, అరకుకూ పాడేరుకూ నడుమ, సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఒక ఊళ్లో స్వచ్ఛంద సంస్థ ఒకటి 96 మంది బాలికలకు వసతిగృహం నడుపుతోంది. నాలుగేళ్ల కిందట ఒక దాత సాయంతో ఆ భవనం డాబా మీద 2,000 లీటర్ల సోలార్ వాటర్ హీటర్లు పెట్టారు. 500 లీటర్లవి నాలుగు హీటర్లు, ఒక్కోదానికి 50 చొప్పున మొత్తం 200 గాజు ట్యూబులు. డిసెంబరు మొదటి వారంలో వార్డెన్ గారు నాకు ఫోన్ చేసి, ఉన్నవి చాలడం లేదనీ, ఇంకో 1,000 లీటర్ల హీటరు పెట్టడానికి ఎంతవుతుందో చెప్పమనీ అడిగారు. చాలకపోవడం అంటే ఏమిటని నేను అడిగినప్పుడు ఆవిడ ఇచ్చిన జవాబును ఉన్నదున్నట్టు డైరీలో రాసుకున్నాను: "ముప్ఫై మూడు, ముప్ఫై నాలుగు బకెట్ల వరకూ బాగానే వస్తాయండీ. ఆ తర్వాత గోరువెచ్చన. ఏభై దాటాయంటే ఇక చన్నీళ్లే."

విశాఖపట్నంలో ఉండి ఇరవై రెండేళ్లుగా ఈ పనే చేస్తున్న నాకు ఇలాంటి ఫోన్లు కొత్త కావు. అయితే బకెట్ల సంఖ్య ఇంత కచ్చితంగా చెప్పినవాళ్లు అరుదు. ఆ సంఖ్య లేకపోతే నేను కూడా బహుశా డాబా మీద ఖాళీ జాగా ఎంత ఉందో అడిగి, ధర చెప్పి ఊరుకునేవాణ్ని.

వెళ్లి చూస్తే పరిస్థితి ఇదీ. చిన్న తరగతుల పిల్లలు ముందు స్నానం చేస్తారు, పదో తరగతి వాళ్లు చివర. సోలార్ నీళ్లు చల్లబడ్డాక పెరట్లో మూడు రాళ్ల పొయ్యి మీద గంగాళం పెట్టి నీళ్లు కాస్తారు. ఆ కట్టెలను స్ప్రింగ్ త్రాసుతో తూయించాను. ఒక్క పూటకు 42 కిలోలు. ఆ మోపులను ఆదివారాలు పెద్ద పిల్లలే అడవికి వెళ్లి తెస్తున్నారు. పొద్దున్న వేన్నీళ్లు దొరకని పిల్లలూ, ఆదివారం చదువు పోగొట్టుకుంటున్న పిల్లలూ ఒకరే అన్నది నన్ను బాగా కలచివేసింది.

కాగితం మీద లెక్క

మొదట చేయవలసింది అవసరం ఎంతో తేల్చడం. పిల్లకు ఒక బకెట్టు, బకెట్టుకు 15 లీటర్లు, అంటే 96 మందికి 1,440 లీటర్లు. స్నానానికి నీళ్లు 40 డిగ్రీలు ఉంటే చాలు. డిసెంబరు తెల్లవారుజామున అక్కడి ఓవర్‌హెడ్ ట్యాంకులో నీళ్లు 16 డిగ్రీలు ఉన్నాయి. కాబట్టి 1,440 లీటర్లను 24 డిగ్రీల మేర వేడి చేయాలి. వెయ్యి లీటర్ల నీళ్లను ఒక్క డిగ్రీ వేడెక్కించడానికి కరెంటు లెక్కలో 1.16 యూనిట్లు పడుతుంది గనుక, మొత్తం అవసరం రోజుకు 40 యూనిట్లు.

ఇక రాబడి. ఈ ట్యూబు నిజానికి ఒకదానిలో ఒకటి దూర్చిన రెండు గాజు గొట్టాలు. మధ్యలో గాలి తీసేసి ఉంటుంది, లోపలి గొట్టం మీద ఎండను పీల్చుకునే నల్లటి పూత ఉంటుంది. బయటి గొట్టం వ్యాసం 58 మిల్లీమీటర్లు, పొడవు 1,800 మిల్లీమీటర్లు. పొగమంచు తొమ్మిదిన్నర దాకా విడవని ఆ కొండల్లో కూడా, మబ్బు లేని డిసెంబరు రోజున ఇలాంటి 200 ట్యూబులు 50 యూనిట్లకు అటూ ఇటూగా వేడిని నీళ్లకు ఇవ్వగలవు. అంటే కొత్త హీటరు అక్కర లేకుండానే అవసరం తీరాలి. తీరడం లేదంటే, వచ్చిన వేడి డాబాకూ బకెట్టుకూ మధ్య ఎక్కడో పోతోంది. ఎక్కడ పోతోందో తెలియకుండా ట్యూబులు పెంచితే పోయేది కూడా దానితో పాటే పెరుగుతుంది. వాళ్ల డబ్బు దానికి ఖర్చు పెట్టించడానికి నాకు మనసొప్పలేదు.

ఒక తెల్లవారుజాము కొలతలు

ముందు రోజు సాయంత్రమే వెళ్లి అక్కడ పడుకున్నాను. సాయంత్రం నాలుగున్నరకు నాలుగు హీటర్ల ట్యాంకుల్లో నీళ్లు వరసగా 50, 49, 42, 40 డిగ్రీలు ఉన్నాయి. తెల్లవారి ఐదింటికి 47, 46, 40, 38. రాత్రంతా బయట 9 డిగ్రీల చలి ఉన్నా తగ్గింది రెండు మూడు డిగ్రీలే కాబట్టి ట్యాంకుల చుట్టూ వేడి పోకుండా నింపిన పఫ్ అనే నురగ పొర బాగానే ఉన్నట్టు లెక్క. నాలుగింటి సగటు 43 డిగ్రీలకు కాస్త తక్కువ. 16 డిగ్రీల చన్నీళ్లతో పోలిస్తే ఆ 2,000 లీటర్లలో దాచి ఉన్న వేడి 62 యూనిట్లు. కావలసినది 40. ఇక్కడి దాకా లోటు లేదు.

ఐదుంబావుకు స్నానాల గదుల దగ్గర కుళాయి తిప్పాం. మొదట రెండున్నర బకెట్లకు పైగా, సుమారు 39 లీటర్లు, రాత్రంతా గొట్టంలో నిలిచిన నీళ్లు మంచులా వచ్చాయి, వాటిని పారబోశారు. ఆ తర్వాత 41 డిగ్రీలు. పిల్లలు వరసలో నిలబడి నింపుకుంటుంటే బకెట్టు బకెట్టుకూ థర్మామీటరు ముంచి, ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి చేత నోటుబుక్కులో రాయించాను. పదో బకెట్టుకు 39. ఇరవైకి 37. ముప్ఫై నాలుగో బకెట్టు నింపిన పాప చెయ్యి పెట్టి చూసి, ఏమీ అనకుండా వెనక్కి తిరిగి వార్డెన్ గారి వంక చూసింది. థర్మామీటరులో 35. ఆ చలిలో 35 డిగ్రీల నీళ్లు ఒంటికి వెచ్చగా అనిపించవు. ఏభై మూడో బకెట్టుకు 32కు దిగింది.

అప్పుడు డాబా ఎక్కి చూస్తే ట్యాంకుల్లో ఇంకా 1,200 లీటర్ల "వేన్నీళ్లు" ఉండాల్సిన చోట, నాలుగింటిలోనూ పైనుంచి కింది దాకా నీళ్లన్నీ 33, 34 డిగ్రీల దగ్గర ఉన్నాయి. వేడి ఎక్కడికీ పోలేదు, పలచబడిపోయింది. వేన్నీళ్లకు చన్నీళ్లు తోడంటారు. ఈ ట్యాంకుల్లో మాత్రం ఆ తోడే కొంప ముంచుతోంది.

డాబా మీద కనిపించినవి

మామూలుగా ట్యాంకులో వేన్నీళ్లు పైన, చన్నీళ్లు కింద నిలుస్తాయి. కదపకుండా ఉంచితే నీళ్ల మీద నూనె తేలినట్టు ఈ రెండు పొరలూ గంటల తరబడి కలవవు. పైనుంచి వేన్నీళ్లు వాడుకుంటున్నకొద్దీ కిందినుంచి చన్నీళ్లు మెల్లగా చేరుతూ, చివరి లీటరు వరకూ పైపొరను వేడిగానే పైకి నెట్టాలి. ఇక్కడ ఓవర్‌హెడ్ ట్యాంకు హీటర్ల కంటే నాలుగు మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి అంగుళంన్నర గొట్టం నేరుగా వచ్చి నాలుగు హీటర్లకూ చీలింది. కుళాయి తిప్పినప్పుడల్లా చన్నీళ్లు పిచికారీలా లోపలికి దూకి, అడ్డంగా పడుకోబెట్టిన సన్నటి ట్యాంకును పెరుగు చిలికినట్టు చిలికేస్తున్నాయి. 2,000 లీటర్లూ క్షణక్షణం పూర్తిగా కలిసిపోతున్నాయని అనుకొని లెక్క వేస్తే, 500 లీటర్లు వాడాక 37, 800 లీటర్లు వాడాక 34 డిగ్రీలు రావాలి. గొట్టంలో పోయే రెండు డిగ్రీలు తీసేస్తే కుళాయి దగ్గర మేం కొలిచిన 35, 32 అవే. లెక్కా కొలతా ఇంత దగ్గరగా కలిసినప్పుడు రోగం ఇదేనని ధైర్యంగా చెప్పవచ్చు.

గొట్టం సంగతి రెండోది. డాబా మీది నుంచి భవనం చుట్టూ తిరిగి స్నానాల గదులకు చేరే అంగుళంపావు జీఐ (జింకు పూత ఇనుప) గొట్టం పొడవు 38 మీటర్లు. దాని మీద చుట్టిన నల్లటి ఫోము ఎండకు పొడిపొడిగా రాలిపోయి, మూడొంతుల గొట్టం బోడిగా ఉంది. అన్ని కుళాయిలూ ధారగా పారుతున్నప్పుడు పోయేది రెండు డిగ్రీలే గానీ, ఒకటి రెండు కుళాయిలే తెరిచి ఉన్నప్పుడు నీళ్లు గొట్టంలో ఎక్కువసేపు ఉండి ఐదారు డిగ్రీలు పోతున్నాయి.

మూడో, నాలుగో హీటర్లు మొదటి రెండింటి కంటే ఏడెనిమిది డిగ్రీలు వెనకబడి ఉండటానికి కారణం నైరుతి మూలన ఉన్న సిల్వర్ ఓక్ చెట్లు. వాటి మీదికి మిరియాల తీగలు పాకించి ఉన్నాయి. అవి పక్క కాఫీ తోట వాళ్లవి. డాబా మట్టానికి పైన చెట్ల ఎత్తు 12 మీటర్లు, దూరం 15 మీటర్లు. ఈ హీటర్లు పెట్టింది ఏప్రిల్ నెలలో అని వార్డెన్ గారు చెప్పారు. అరకు సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అక్కడ ఏప్రిల్ మధ్యలో పగలు మూడింటికి సూర్యుడు దాదాపు నేరుగా పడమరన, ఆకాశంలో సగం ఎత్తున ఉంటాడు, కాబట్టి ఆ చెట్ల నీడ డాబా మీద పడదు. డిసెంబరులో అదే మూడింటికి సూర్యుడు సరిగ్గా నైరుతికి వచ్చి 29 డిగ్రీల ఎత్తుకు దిగుతాడు. 12 మీటర్ల చెట్టు 21 మీటర్ల నీడ పరుస్తుంది. ఏప్రిల్ ఎండలో నిలబడి చూసినవాళ్లకు డిసెంబరు నీడ కనపడదు. వేన్నీళ్లు కావలసింది మాత్రం డిసెంబరులోనే. కొత్తగా స్థలం చూసే ప్రతిసారీ చలికాలపు మూడు గంటల సూర్యుడు ఎక్కడ ఉంటాడో చేత్తో చూపించి, ఆ దిక్కున ఏముందో రాసుకోమని నా దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లకు చెబుతుంటాను.

ఇక ట్యూబులు. మంచి ట్యూబుకు కింది కొసన లోపల అద్దంలా మెరిసే వెండి పూత కనిపిస్తుంది. అది బేరియం. లోపలి శూన్యం పోయి గాలి చొరబడిన మరుక్షణం అది గంజి రంగుకు తెల్లబడుతుంది. అన్ని ట్యూబులూ వంగి చూసుకుంటూ వెళ్తే అలా తెల్లబడినవి ఏడు దొరికాయి. చెయ్యి వేస్తే మిగిలిన ట్యూబులు ఎండలోనూ బయట చల్లగా ఉన్నాయి, ఈ ఏడూ వెచ్చగా ఉన్నాయి. వేడి బయటికి వచ్చేస్తోందన్న మాట. ఒక ట్యూబును ఊడదీసి తలకిందులు చేస్తే అడుగున జానెడు ఎర్రమట్టి. అక్కడి నీళ్లు కొండ ఊట నుంచి వచ్చేవి. ఉప్పు లేదు గానీ వానాకాలమంతా మన్ను మోసుకొస్తాయి. అనంతపురం, నల్గొండ బోరు నీళ్లలో పొరలు పొరలుగా పేరుకునే సున్నం కంటే ఈ మట్టి నయం, కడిగితే పోతుంది.

చేసిన మార్పులు

అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చిన మార్పుకు అన్నిటికంటే తక్కువ ఖర్చయింది. నాలుగు హీటర్లకూ విడివిడిగా చన్నీళ్లు ఇచ్చి విడివిడిగా వేన్నీళ్లు తీసే పాత పద్ధతి తీసేసి, నాలుగింటినీ ఒక వరసలో గొలుసులా కలిపాం. చన్నీళ్లు నాలుగో హీటరు అడుగున మాత్రమే ప్రవేశిస్తాయి. దాని పైనుంచి మూడోదానిలోకి, అక్కడి నుంచి రెండోదానిలోకి, చివరికి ఒకటోదానిలోకి వెళ్తాయి. స్నానాల గదులకు నీళ్లు ఒకటో హీటరు పైనుంచే వస్తాయి. ఏ ట్యాంకుకు ఆ ట్యాంకులో నీళ్లు కలిసిపోయినా, 16 డిగ్రీల చన్నీళ్లకూ కుళాయికీ మధ్య నాలుగు ట్యాంకుల అడ్డు ఉంటుంది. నీడ పడే రెండు హీటర్లనూ చల్లని కొసన పెట్టడంలో ఇంకో లాభం ఉంది: చల్లటి నీళ్లున్న ట్యూబు వచ్చిన ఎండలో ఎక్కువ భాగాన్ని నిలుపుకుంటుంది, కాబట్టి ఎండ తక్కువ తగిలే హీటరుకు చన్నీళ్లే ఇవ్వాలి.

ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి నేరుగా వచ్చే ధారను ఆపడానికి, హీటర్ల కంటే ముప్పావు మీటరు ఎత్తున ఫ్లోట్ వాల్వుతో (నిండగానే నీళ్లను తనంతట ఆపేది) 200 లీటర్ల చిన్న ట్యాంకు కట్టి, నీళ్లన్నీ దాని గుండానే పంపాం. నాలుగో హీటరు లోపలికి వెళ్లే గొట్టానికి పొడుగునా చిల్లులు వేసి, కొస మూసి, నీళ్లు ఒక్కచోట దూకకుండా ట్యాంకు అడుగునంతా పరుచుకునేలా చేశాం. ఈ హీటర్లు ప్రెజర్ తట్టుకునేవి కావు గనుక ప్రతి ట్యాంకుకూ ఎయిర్ వెంట్ గొట్టం విడిగా ఉంచి, దాని కొసను చిన్న ట్యాంకు నీటిమట్టం కంటే పైకి తీసుకెళ్లాం. గొలుసుగా కలిపినప్పుడు వెంట్ ఒక్కటి చాలనుకొని మిగతావి మూసేసే ప్లంబర్లను చూశాను. అది ప్రమాదం: వేడెక్కిన ట్యాంకుకు ఊపిరి తీసుకునే దారి లేకపోతే ఒకరోజు ఉబ్బుతుంది, లేదా నీళ్లు లాగేటప్పుడు లోపలికి నొక్కుకుపోతుంది.

గొట్టం దారి మార్చి, ఉత్తరపు గోడ మీదుగా నేరుగా దించితే 38 మీటర్లు 22 మీటర్లయింది. జీఐ బదులు వేడిని తట్టుకునే ప్లాస్టిక్ రకమైన సీపీవీసీ గొట్టం, అంగుళంది, వేశాం. మామూలు పీవీసీ ఈ వేడికి మెత్తబడుతుంది, వాడకూడదు. దాని మీద నైట్రైల్ రబ్బరు ఫోము తొడిగి, ఎండ తగిలే చోట్ల పైన అల్యూమినియం రేకు చుట్టాం. గొట్టంలో నిలిచే నీళ్లు 39 లీటర్ల నుంచి 9 లీటర్లకు తగ్గాయి. ఆ తొమ్మిదీ ఒక బకెట్టులో పట్టి నేల తుడవడానికి వాడుతున్నారు.

ఈ పనిలో జరిగిన ఒక పొరపాటు కూడా రాయాలి. ఖాళీ ట్యూబులు ఎండలో కాలి ఉన్నప్పుడు వాటిలోకి చన్నీళ్లు వదిలితే గాజు పగులుతుంది. అందుకే తెల్లవారుజామునో, పొద్దు వాలాకో నింపాలి. మేం ట్యాంకులు ఖాళీ చేసి ట్యూబుల మీద టార్పాలిన్లు కప్పి పని మొదలుపెట్టాం. రెండో హీటరు మీది టార్పాలిన్‌ను గాలి ఎప్పుడు ఎగరేసిందో మేం గమనించలేదు. పదకొండు గంటలకు వాల్వు తిప్పగానే తుపాకీ పేలినట్టు రెండు ట్యూబులు పగిలాయి. పైన ఎవరూ లేరు గనుక సరిపోయింది. అప్పటి నుంచి నింపే పని ఏదైనా సూర్యాస్తమయం తర్వాతే పెట్టుకుంటున్నాను, కప్పామా లేదా అన్న దానితో నిమిత్తం లేకుండా.

చెట్లను కొట్టించమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. నేను వద్దన్నాను. ఆ మిరియాలు ఒక కుటుంబానికి ఏడాది ఆదాయం. తోటాయనతో మాట్లాడితే, ఎలాగూ నీడ సరిచేయడానికి కొమ్మలు కొట్టేవాళ్లమే అని రెండు చెట్ల పక్కకొమ్మలు తీయించారు. దాంతో మధ్యాహ్నం ఇంకో గంట ఎండ దక్కింది.

తెల్లబడిన ట్యూబులూ పగిలినవీ మార్చడం, 200 ట్యూబులూ తీసి మట్టి కడగడం, ప్లంబరు కూలి, సామాను, కింద చెప్పబోయే కిటికీలు, అన్నీ కలిపి 64,000 రూపాయలయింది. వాళ్లు అడిగిన కొత్త హీటరు ఖర్చులో ఇది సగం కూడా కాదు.

సోలార్ వాటర్ హీటర్లకు కేంద్రం ఇచ్చిన సబ్సిడీ 2014లోనే ఆగిపోయింది. ఇప్పుడు ఇళ్ల మీద సోలార్ అనగానే అందరి దృష్టీ 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ కరెంటు పలకల మీదికే పోతోంది. ఆ పలకలు మంచివే. కానీ వాటి మీద పడిన ఎండలో కరెంటుగా మారేది ఐదో వంతు. నీళ్లు కాచే ట్యూబు సగం దాకా వేడిగా నిలుపుకుంటుంది. నూరు మంది స్నానం చేసే వసతిగృహంలో డాబా జాగా కొంచెమే ఉన్నప్పుడు నేను ఇప్పటికీ ట్యూబులకే ఓటు వేస్తాను. అమెరికాలో క్లారెన్స్ కెంప్ 1891లో పేటెంటు తీసుకున్న సోలార్ హీటరులో ఎండలో కాగే తొట్టే నీళ్లు నిలవ ఉంచే తొట్టి కూడా, అందుకని రాత్రికి నీళ్లు చల్లారిపోయేవి. 1909లో కాలిఫోర్నియాలో విలియం బెయిలీ నిలవ ట్యాంకును వేరు చేసి, వేడి పోకుండా చుట్టూ కప్పు వేసి, తెల్లవారేదాకా వేన్నీళ్లు నిలిపి చూపించాకే ఆ పాత పద్ధతి వెనకబడింది. వేడి పుట్టించడం కంటే నిలుపుకోవడమే కష్టమని ఆనాడే తెలిసిన సంగతి.

పడుకునే గది

కొలతలు తీస్తున్న రోజున వార్డెన్ గారు ఇంకో మాట అన్నారు: "స్నానం సరే సార్, రాత్రి పడుకోవడమే కష్టంగా ఉంది." 48 మంది చొప్పున రెండు హాళ్లు. తెల్లవారి ఐదింటికి బయట 8 డిగ్రీలు ఉంటే హాల్లో 13.5. దక్షిణపు గోడకు ఆరేసి కిటికీలు ఉన్నాయి గానీ అవి చెక్క తలుపులు; చలికి భయపడి పగలు కూడా మూసే ఉంచుతున్నారు. వరండాకు నీలం టార్పాలిన్ కట్టి ఉంది. అంటే పగలంతా ఎండ గోడ బయటే ఆగిపోతోంది.

చలికాలంలో ఇళ్లు వెచ్చబెట్టుకోవడానికి దక్షిణపు ఎండను వాడుకోవడం చల్లని దేశాల్లో బాగా వృద్ధి చెందిన విద్య. ఫ్రాన్స్‌లోని ఒదెయోలో 1967లో ఫెలిక్స్ త్రోంబ్, ఆర్కిటెక్టు జాక్ మిషెల్ కట్టిన ఇళ్లలో నల్లరంగు వేసిన మందపాటి దక్షిణపు గోడకు ముందు గాజు నిలబెట్టి, పగలు గోడ తాగిన వేడిని రాత్రి గదిలోకి వదిలేలా చేశారు. లద్దాఖ్‌లో ఇలాంటి గోడలు చాలానే ఉన్నాయి. అక్కడి ఫే గ్రామం దగ్గర సెక్మోల్ అనే విద్యాసంస్థ ప్రాంగణం ఎండ వేడి మీదే చలికాలం గడుపుతుంది. ఏడాదిలో రెండు నెలలు మాత్రమే చలి ఉండే అరకు కొండలకు అంత కట్టడం అనవసరం అనిపించింది. మాకు కావలసింది ఎండను లోపలికి రానిచ్చే గాజు, దాన్ని రాత్రి బయటికి పోనివ్వని చెక్క తలుపు. రెండో తలుపు ఎలాగూ ఉంది. కాబట్టి పన్నెండు కిటికీలకూ లోపలి వైపు గాజు తలుపులు అదనంగా బిగించాం.

పగలు చెక్క తలుపులు తెరిచి, గాజు తలుపులు మూసి ఉంచుతారు. వరండా టార్పాలిన్‌ను పొద్దున్నే చుట్టి పైకి కడతారు. డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 48 డిగ్రీల ఎత్తునే ఉంటాడు కాబట్టి ఎండ కిటికీల గుండా సిమెంటు నేల మీద పొడుగ్గా పరుచుకుంటుంది. మూడున్నరకు చెక్క తలుపులు మూసేస్తారు. వేసవి వస్తే హాలు ఉడికిపోతుందేమోనని వార్డెన్ గారు సందేహించారు. జూన్ నెలలో అక్కడి మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికే ఉంటాడు, దక్షిణపు కిటికీ మీద ఎండే పడదు. ఈ అక్షాంశంలో దక్షిణపు గోడ మనకిచ్చే వరం ఇది. పడమటి కిటికీకి గాజు పెట్టి ఉంటే ఆవిడ భయం నిజమయ్యేది.

రెండు వారాలయ్యాక, బయట మళ్లీ 8 డిగ్రీలు ఉన్న ఒక తెల్లవారుజామున హాల్లో 16 డిగ్రీలు కొలిచాం. ఇందులో ఎండ వాటా ఎంత, చూరు కింద సందుల్లో కొబ్బరిపీచు కుక్కి చలిగాలి ఆపిన వాటా ఎంత అన్నది విడదీయలేదు. నిద్రపోతున్న మనిషి ఒళ్లు కూడా 60, 70 వాట్ల వేడి ఇస్తుంది. 48 మంది పిల్లలంటే మూడు కిలోవాట్ల హీటరుతో సమానం, ఆ వేడి నిలిచేందుకు సందులు మూయడమే ముఖ్యం. అలాగని పూర్తిగా మూసేయలేదు. ఇంతమంది పడుకునే గదికి గాలి ఆడాలి కాబట్టి పైన రెండు వెంటిలేటర్లు తెరిచే ఉంచాం. ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పి వచ్చాను. ఎంత చలైనా బొగ్గుల కుంపటి హాల్లోకి తేకూడదు. మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకుంటే వాసన కూడా లేని విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఫలితం, మిగిలిపోయినవి

పని పూర్తయ్యాక వచ్చిన డిసెంబరులో మళ్లీ వెళ్లి అదే పద్ధతిలో కొలిచాను. తెల్లవారి ఐదింటికి ఒకటో హీటరులో 56 డిగ్రీలు, రెండోదానిలో 51, మూడోదానిలో 45, నాలుగోదానిలో 38. ఇప్పుడు కుళాయిలో వచ్చే నీళ్లు నేరుగా ఒంటి మీద పోసుకునేవి కావు, చన్నీళ్లు కలుపుకోవాలి. అందుకని ప్రతి వేన్నీళ్ల కుళాయి పక్కనా చన్నీళ్ల కుళాయి పెట్టించాం. బకెట్టులో ముందు చన్నీళ్లు, తర్వాత వేన్నీళ్లు అన్న నియమం గోడ మీద రాయించాం. చిన్నపిల్లలకు పెద్ద తరగతి అమ్మాయి ఒకరు నింపి ఇస్తారు. చెయ్యి కాలే అవకాశం ఉన్నచోట ఈ వరస మారకూడదు.

96 బకెట్లకూ కలిపి వేన్నీళ్లు సుమారు 1,000 లీటర్లు పట్టాయి. చివరి బకెట్టు సమయానికి కుళాయి దగ్గర 42 డిగ్రీలు ఉంది. ఏడాది కిందట ముప్ఫై నాలుగో బకెట్టు దగ్గర ఆగిపోయిన ట్యాంకులూ ట్యూబులే ఇవి.

తీరనివి తీరకుండానే ఉన్నాయి. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టి రెండు మూడు రోజులు మబ్బు పట్టినప్పుడు ట్యాంకులు 25 డిగ్రీలు దాటవు. ఒకటో హీటరులో 3 కిలోవాట్ల కరెంటు కాయిల్ పెట్టవచ్చని చెప్పాను. 500 లీటర్లను పది డిగ్రీలు పెంచడానికి దానికి రెండు గంటలు పడుతుంది. ముసురు పట్టిన రోజున అక్కడ కరెంటు అంతసేపు ఉంటుందన్న భరోసా లేదని సంస్థవాళ్లు ఒప్పుకోలేదు, వాళ్ల మాట సరైనదే. పొయ్యి అలాగే ఉంచారు. ఏప్రిల్, మే నెలల్లో దీనికి పూర్తి ఎదురు సమస్య, నీళ్లు మరీ కాగిపోతాయి. అప్పుడు రెండు హీటర్ల మీద ఆకుపచ్చ నీడవల కప్పుతారు. ఏటా వానలు ఆగాక ట్యూబులు తీసి మట్టి కడగడం తప్పదు.

మొదటి రోజు ఎనిమిదో తరగతి అమ్మాయి చేత మొదలుపెట్టించిన నోటుబుక్కును పిల్లలు ఆపలేదు. రోజూ నాలుగు గడులు: బయట చలి, ఒకటో హీటరు, చివరి బకెట్టు, కట్టెలు. ఆ డిసెంబరు, జనవరి నెలల పేజీలు తిరగేస్తే మొత్తం 62 రోజుల్లో కట్టెల గడి 11 చోట్ల మాత్రమే నిండి ఉంది. అలాంటి ఒక రోజున చివరి బకెట్టు గడిలో అంకె బదులు "మబ్బు, పొయ్యి వెలిగించాం" అని రాసి, దాని కింద సున్నా చుట్టి ఉంది. మర్నాటి గడిలో 33. ఆ పై రోజు 41.